నూలు గోడ

మా మగ్గాల వీధి చారిత్రకమైనదని మాకు ఒక మంగళవారం పొద్దున తెలిసింది. అంతకు ముందు మేం అందులో ఊరికే కాపురాలు చేసుకుంటున్నాం.

నరవకోటలో మాది పాత వీధి. అటూ ఇటూ పెంకుటిళ్ళు, ప్రతి ఇంటికీ ఒక అరుగు, ప్రతి ముందుగదిలో ఒక గుంట మగ్గం. వీధి చివర, దారికి ఎదురుగా వచ్చి నిలబడినట్టు ఉండేది సోమలింగం బాబాయి ఇల్లు. వీధిపోటు ఇల్లని ఎవరూ ముందుకు రాకపోతే వాళ్ళ తాత తీసుకున్నాడట. నేను ఆ ఇంట్లోనే రాట్నం ముందు కూర్చుని మగ్గానికి కండెలు చుడతాను. పదో తరగతి దాకా చదివినవాళ్ళు మా వీధిలో చాలామందే ఉండేవాళ్ళు. చదివాక వీధిలో మిగిలింది మాత్రం నేనే. కాబట్టి ఏ కాగితం వచ్చినా నాచేత చదివిస్తారు. ఆ ఏడాది చదివినన్ని కాగితాలు నేను బళ్ళో కూడా చదవలేదు.

ఆ మంగళవారం వారసత్వ పరిరక్షణ మండలి నుంచి ప్రభంజన్ అనే కుర్ర అధికారి వచ్చాడు. మెడలో ‘సహాయ పరిరక్షణాధికారి’ అని కార్డు, చేతిలో టేపు, నెత్తిన ఎగిరే కెమెరా. వీధి ఆ పూట ఎలా ఉందో అలా, ఉన్నది ఉన్నట్టు నమోదు చేశాడు. నమోదైనది ఏదీ ఇక మారకూడదు. మార్చాలంటే మండలి అనుమతి కావాలి. అనుమతి రావాలంటే, మనం చేయబోయే మార్పు వల్ల ఏ మార్పూ రాదని ముందు రుజువు చేయాలి.

రంగు సగంలో అయిపోవడం వల్ల వీరాస్వామి గారి తలుపు ఒక రెక్క నీలంగా, ఒక రెక్క వట్టి చెక్కగా ఉండిపోయింది. అది ద్వివర్ణ ద్వారంగా నమోదైంది. ఆయన రెండో డబ్బా కొని తెచ్చుకుని ఇంట్లో దాచుకున్నాడు. బసవమ్మ ఇంటికప్పు మీద కోతి పగలగొట్టిన పెంకు ఒకటుంది. అది పూర్వీకులు పొగ పోవడానికి వదిలిన రంధ్రమని రాశారు. బసవమ్మ చదువుకోలేదు కాబట్టి కొత్త పెంకు వేయించింది. నోటీసు వచ్చింది. ఆమె నిచ్చెనెక్కి కొత్త పెంకు కూడా పగలగొట్టింది. ప్రభంజన్ కింద నుంచి ఫోటోతో పోల్చి చూసి, పగులు కొంచెం ఎడమకు ఉండాలన్నాడు. ఆమె ఇంకో పెంకు పగలగొట్టింది. మూడోది సరిపోయింది.

ఇవన్నీ తర్వాతి సంగతులు. నమోదు జరిగిన ఆ పొద్దున వీధి మధ్యలో సోమలింగం బాబాయి పడుగు ఉంది.

చీరకు నిలువునా పోయే దారాలన్నిటినీ కలిపి పడుగంటాం. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని వీధి పొడవునా రెండు గుంజల మధ్య లాగి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వి ఆరనిస్తాం. ఇళ్ళలో అంత చోటు ఉండదు. ఎండ ముదిరితే నూలు పెళుసెక్కుతుంది కాబట్టి ముదరకముందే చుట్టి లోపలికి తీసుకుపోతాం. ప్రతి పొద్దునా వీధిలో ఎవరిదో ఒకరిది పడుగుంటుంది. భోజనాల వేళకు ఏదీ ఉండదు.

ఆ రోజు పడుగు బాబాయి కూతురు సుగుణది. మాఘంలో ఆ పిల్ల పెళ్ళి. పెళ్ళికూతురు పీటల మీద కట్టే మధుపర్కాన్ని మా వీధిలో కొట్టులో తీసుకోరు. తండ్రి తన మగ్గం మీద నేస్తాడు, పసుపంచు తెల్లచీర. దాన్ని పిల్ల అత్తారింటికి తీసుకుపోయి పెట్టెలో పెట్టుకుంటుంది. బిడ్డ పుడితే మొదట చుట్టేది అందులోనే. సుగుణ వాళ్ళమ్మ లేదు. ఆమె మధుపర్కంలో చుట్టిన బిడ్డ సుగుణ. అందుకని బాబాయి ఈ పడుగు మీద కొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టాడు. గంజి కూడా నన్ను కాయనివ్వలేదు.

ఆయన గుంజ దగ్గర ముడి విప్పబోతుంటే ప్రభంజన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"చుడతన్నా బాబూ. ఎండెక్కతా ఉంది."

"కట్టడాన్ని కదిలించరాదు. ఇప్పుడే నమోదైంది."

"ఏ కట్టడం?"

ప్రభంజన్ తన తెర మీద చూసి చదివాడు. "ఇంటి ముంగిట నుంచి వీధి పొడవునా సాగే నూలు గోడ. ఎత్తు నడుము వరకు. కాలం నిర్ధారించవలసి ఉంది."

బాబాయి చుట్టూ చూశాడు, తనకు తెలియకుండా ఎక్కడైనా గోడ లేచిందేమోనని. తర్వాత పడుగు వంక చూశాడు.

"ఇది పడుగయ్యా. పొద్దున కట్టా. ఇప్పుడు విప్పుతా."

"పొద్దున కట్టారనడానికి ఆధారం?"

అరుగు మీద కూర్చున్న ఆదెమ్మ మామ్మ, అంటే బాబాయి తల్లి, చేతిలోని వక్కపలుకు నోట్లో వేసుకుని అంది. "ఆధారమేందయ్యా, తడి కూడా ఆరలా. ముట్టుకుని చూడు."

"నమోదైన కట్టడాన్ని ముట్టుకునే అధికారం నాకు లేదండీ," అన్నాడు ప్రభంజన్, చేతులు వెనక్కి కట్టుకుని.

అతను చెడ్డవాడు కాదు. మండలిలో నియమాలను నమ్మేవాడు అతనొక్కడే. మిగతావాళ్ళు వాటిని అమలు మాత్రమే చేసేవాళ్ళు.

వారం తిరిగేసరికి గోడ కాలం కూడా నిర్ధారించారు. పాత దస్తావేజుల గదిలో ఎవరో దొరగారు మా వీధిని తీసిన ఫోటో ఒకటి దొరికింది. అందులో వీధి మధ్య నూలు గోడ ఉంది. మా తాతల నాటి ఇంకో ఫోటోలోనూ ఉంది. ఎప్పుడు ఎవరు ఫోటో తీసినా గోడ అక్కడే ఉంది కాబట్టి ఆ గోడ నూరేళ్ళుగా కదలలేదని తేలింది. దస్తావేజు ప్రకారం మధుపర్కానికి గంజి పట్టించింది సోమలింగం బాబాయి ముత్తాత.

బాబాయి, మామ్మ, కాగితాలు చదవడానికి నేను, ముగ్గురం మండలి కార్యాలయానికి వెళ్ళాం. అది కొత్త అద్దాల మేడ. దాని కోసం పడగొట్టిన పాత సత్రం బొమ్మ గోడకు వేలాడుతోంది, చక్కటి చట్రంలో.

డైరెక్టర్ గారు మమ్మల్ని కూర్చోమన్నారు. ఆయన మాట్లాడేటప్పుడు కళ్ళు సగం మూసుకుంటారు. "ఇల్లు మీది. ఇంటి రూపం జాతిది. ఈ సున్నితమైన విభజనను మీరు అవగాహన చేసుకోవాలి."

"అట్టాగేనండీ," అన్నాడు బాబాయి. "ఆ నూలు చుట్టుకోనిస్తే మా పిల్ల పెళ్ళికి చీర నేసుకుంటా."

"నూలు కాదు. గోడ."

"గోడైతే చీర ఎట్టా అవుద్దండీ?"

"అదే మేమూ అంటున్నది," అన్నారు డైరెక్టర్ గారు సంతోషంగా. "గోడతో చీర నేస్తామని మీరు అర్జీ పెడితే మేం ఏ నిబంధన కింద పరిశీలించగలం?"

మామ్మ ముందుకు వంగింది. "పోనీ నాయనా, ఆ నూలు అక్కడే ఏడవనీ. వేరే పడుగు కట్టుకుంటాం."

"సంరక్షిత వీధిలో నూతన నిర్మాణాలు పూర్తిగా నిషిద్ధం."

"మరి మా వీధిలో ఎవురూ పడుగు కట్టకూడదా?"

"ఒకటి ఉంది కదమ్మా. ఒక వీధికి ఒక నూలు గోడ. ఫోటోలో అంతే ఉంది."

"మగ్గాలు ఆగిపోతాయి."

"మగ్గాలకు ఏ ప్రమాదమూ లేదు. అవి నమోదయ్యాయి. వాటిని ఎవరూ కదిలించలేరు," అని డైరెక్టర్ గారు లేచి నిలబడ్డారు. మేమూ నిలబడ్డాం.

నాలుగు వారాల్లో మగ్గాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఉన్న పడుగులు అయిపోయాయి, కొత్తవి చాపే వీల్లేదు. వీరాస్వామి గారు పక్క ఊళ్ళో ఇటుకల బట్టీకి పోతున్నాడు. బసవమ్మ కొడుకు మోటారు బండ్లకు గాలి కొట్టే చోట చేరాడు. సందర్శకులు మాత్రం రావడం మొదలైంది. మా వీధికి వచ్చి, పడుగుకు అటూ ఇటూ నడిచి, అటు నుంచి ఇటు రావడానికి వంగి దూరి, ఆ వంగడాన్ని ఒకరికొకరు ఫోటోలు తీసుకునేవాళ్ళు. వాళ్ళలో ఒకావిడ మండలికి ఫిర్యాదు రాసింది, మగ్గాల వీధిలో మగ్గం చప్పుడు వినపడటం లేదని.

మండలి వెంటనే కదిలింది. స్తంభాలకు మైకులు కట్టారు. ఎక్కడో వేరే జిల్లాలో పనిచేస్తున్న మగ్గాల చప్పుడు రికార్డు చేసుకొచ్చి, పొద్దున కార్యాలయం తెరిచినప్పటి నుంచి సాయంత్రం మూసేదాకా వినిపించారు. టక్ టక్, టక్ టక్. మధ్యాహ్నం భోజన విరామం కూడా ఉండేది. పని లేక అరుగుల మీద కూర్చున్న మగవాళ్ళు ఆ చప్పుడుకు తెలియకుండానే కాళ్ళు ఆడించేవాళ్ళు, మగ్గం గుంటలో కూర్చుని తొక్కినట్టు.

"ఎవుడోగానీ పేక వదులుగా కొడతన్నాడు," అనేవాడు వీరాస్వామి గారు.

"వాడి ఖర్మ. వాడి వీధి ఇంకా చరిత్ర కాలా," అనేది బసవమ్మ.

ఇటు పడుగు వీధిలోనే ఉంది. ఎండకు గంజి పెళుసెక్కి దారాలు తెగడం మొదలైంది. మామ్మ సాయంత్రాలు చెంబుతో నీళ్ళు చిలకరించేది. మొక్కలకు పోస్తున్నట్టు రాసుకోమని ప్రభంజన్‌కు చెప్పింది, అతను రాసుకున్నాడు. సుగుణ ఒక సాయంత్రం తెగిన దారాలు ముడివేస్తూ, "నానా, కొట్లోది కట్టుకుంటాలే. తెల్లచీరేగా," అంది. బాబాయి ఆ పూట అన్నం తినలేదు.

మామ్మకు ఉపాయం ఆ అన్నం గిన్నె ముందే వచ్చింది.

"ఒరే సోమా, గోడ కదలకూడదన్నారు. గోడ కొసన ఎవురూ కూచోకూడదని అన్నారా?"

"అన్లేదు."

"మన ఇల్లు వీధికి ఎదురుగానే గదరా. గోడ కొస మన గడప కాడే గదా. దాన్ని పట్టుకొచ్చి మగ్గానికి అతుకు. అవతలి కొస ఆ గుంజకే ఉండనీ."

బాబాయి గిన్నె పక్కకు జరిపాడు.

మర్నాడు గడప దగ్గరి కొసను లోపలికి తీసుకొచ్చి, మగ్గం మీది పాత దారాలకు ఈ దారాలు ఒక్కొక్కటే మెలిపెట్టి అతికాడు. ఇప్పుడు పడుగు వీధి గుంజ నుంచి బయల్దేరి, గడప దాటి, మగ్గంలోకి వచ్చింది. ఇక నేయడమే. మూర నేస్తే మూర పడుగు లోపలికి వస్తుంది. అవతలి గుంజ దగ్గర అంత మేర తాడు కలిపి కడతాం. మైకు మోగుతున్నంతసేపూ నేసేవాడు, మైకు ఆగితే ఆపేవాడు. నేను కండెలు అందించేదాన్ని. మండలి వారి చప్పుడు కింద మా చప్పుడు హాయిగా దాక్కుంది.

ప్రభంజన్ వారానికోసారి వచ్చి గోడ కొలిచేవాడు. గుంజకూ గడపకూ మధ్య పొడవు ఎప్పుడూ ఒకటే. ఎత్తు ఒకటే. తూర్పు కొసన తాడు చూసి చాలాసేపు నిలబడ్డాడు.

"ఇక్కడ దారం లావుగా ఉంది," అన్నాడు.

"వయసు పైబడితే ఎవురైనా లావెక్కుతారు నాయనా," అంది మామ్మ.

అతను రాసుకున్నాడు. ‘తూర్పు భాగమున గోడ లావెక్కినది. కాలప్రభావము. పొడవులో మార్పు లేదు.’ నాచేత చదివించి సరిగ్గా ఉందో లేదో అడిగాడు కూడా. ఉందన్నాను.

పెళ్ళికి ముందురోజు వీధి ప్రారంభోత్సవం పెట్టారు. నూరేళ్ళుగా ఉన్న వీధిని మళ్ళీ ప్రారంభించడానికి మండలి చైర్మన్ గారు వచ్చారు. డప్పులు, పూలు, పెద్ద కార్లు. వీధి పొడవునా ఒక ఫ్లెక్సీ కట్టారు. అందులో ఈ కొసన చైర్మన్ గారి నవ్వు మొహం, ఆ కొసన కూడా చైర్మన్ గారి నవ్వు మొహం, మధ్యలో చిన్నగా ఒక మగ్గం.

లోపల బాబాయి చీర ఆఖరి కొంగు నేస్తున్నాడు. చైర్మన్ గారు మైకులో మగ్గం చప్పుడు వింటూ కళ్ళు తుడుచుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. మైకులన్నీ ఆగిపోయాయి. డప్పుల వాళ్ళు కూడా ఆపారు.

టక్ టక్, టక్ టక్. ఆ చప్పుడు మాత్రం వస్తూనే ఉంది.

"కరెంటు లేకపోయినా మోగుతోందే," అన్నారు చైర్మన్ గారు. "ఇన్వర్టరా?"

"సోలార్ సార్," అన్నారు డైరెక్టర్ గారు, మొహం తుడుచుకుంటూ.

చైర్మన్ గారు చప్పుడు వెంట నడిచి మా గడప దగ్గరికొచ్చారు. మగ్గం గుంటలో బాబాయి, పక్కన నేను, వెనక సుగుణ.

"వీరెవరు?"

డైరెక్టర్ గారు ఒక్క క్షణం ఆలోచించారు. "ప్రదర్శన కళాకారులు సార్. పాత రోజుల్లో నేత ఎలా ఉండేదో సందర్శకులకు చూపిస్తారు."

"ఎంత సహజంగా చేస్తున్నాడయ్యా," అని చైర్మన్ గారు మెచ్చుకున్నారు. "నాకు కప్పే శాలువా కొట్టుదెందుకు? ఇదే కప్పండి. పేపర్లో బాగుంటుంది."

బాబాయి గుంటలోంచి లేచాడు. "అది మా అమ్మాయి మధుపర్కం అండీ. రేపే ముహూర్తం."

"సోమలింగం గారూ," డైరెక్టర్ గారు ఆయన చెవి దగ్గరికి వంగారు. "ఇంట్లోకి గోడను లాక్కున్నారు. ఈ నేరానికి ఏం శిక్షో నేను ఇప్పుడు చెప్పను. సంతోష సమయం. కత్తిరించి ఇవ్వండి."

కత్తిరించి ఇచ్చాడు. ఆరుగజాల చీరను శాలువాలా మడతలు పెట్టి, వేదిక మీద చైర్మన్ గారి భుజాల చుట్టూ కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. చైర్మన్ గారు బాబాయి కూతురి మధుపర్కం కప్పుకుని మన సంస్కృతిలో ఆడపిల్ల స్థానం గురించి మాట్లాడారు. సుగుణ అరుగు మీద కూర్చుని మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

సభ అయ్యాక చైర్మన్ గారు కారెక్కబోతుంటే కారు ముందు ఆదెమ్మ మామ్మ నిలబడి ఉంది. ఆమె ఎప్పుడు అక్కడికి వెళ్ళిందో నేను చూడలేదు.

"ఏం కావాలమ్మా? అర్జీ ఏదైనా ఉంటే వీరికివ్వు," అన్నారు చైర్మన్ గారు.

"అర్జీ ఏం లేదు నాయనా. మీరు మా గోడ తీసుకుపోతన్నారు."

"గోడా?"

"మీ భుజాన ఉంది చూడండి. నూరేళ్ళ నాటిదంట. వీధి దాటకూడదంట. అదిగో, ఆ పిల్లోడే రాసింది. ఏమయ్యా పెబంజనం, రాయలా?"

అందరూ ప్రభంజన్ వంక చూశారు. డైరెక్టర్ గారు కళ్ళతో ఏదో చెప్పారు. కానీ నియమాలను నమ్మేవాడికి కళ్ళ భాష రాదు. అతను దగ్గరికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, చైర్మన్ గారి భుజాన్ని నిశితంగా పరిశీలించాడు.

"నమోదైన నూలే సార్. సంరక్షిత కట్టడంలో భాగం. వీధి హద్దు దాటించడం పన్నెండో నిబంధన ఉల్లంఘన అవుతుంది. దాటించినవారి హోదాతో నిమిత్తం లేదని కింద వివరణ ఉంది సార్."

"ఎవడు రాశాడయ్యా ఆ వివరణ?"

"తమరే సార్. మొదటి సమావేశంలో."

పేపర్ల వాళ్ళు కెమెరాలు పట్టుకుని అక్కడే ఉన్నారు. చైర్మన్ గారు మెల్లగా మధుపర్కం తీసి మామ్మ చేతుల్లో పెట్టారు. మామ్మ దాన్ని కళ్ళకద్దుకుంది. చైర్మన్ గారు తననే గౌరవించిందనుకుని చేతులు జోడించారు. కారు వెళ్ళిపోయింది.

డైరెక్టర్ గారు అంత త్వరగా వెళ్ళలేదు. "గోడను పూర్వస్థితికి పునరుద్ధరించండి," అని ఆజ్ఞాపించారు. "ఆ గుడ్డను దాని స్థానంలో వేలాడదీయండి. ఈ క్షణం నుంచి అది మళ్ళీ గోడ." వీధిలో మిగిలిన తాడు మీద మధుపర్కాన్ని వాళ్ళే ఆరేసి, ఫోటో తీసి, నాచేత సంతకం పెట్టించుకుని పోయారు.

సుగుణ కిటికీలోంచి ఆ తాడునే చూస్తోంది. బాబాయి ఖాళీ మగ్గం ముందు కూర్చున్నాడు. "కొట్టుకి పోయొస్తా," అన్నాడు చివరికి. "తెల్లచీర ఏదో ఒకటి."

"కూచోరా," అంది మామ్మ.

పొద్దున ముహూర్తానికి ముందు, పెళ్ళివారు ఇంకా విడిదిలోనే ఉండగా, మామ్మ నన్ను పిలిచింది. "శేషూ, ఆ మొహాలు విప్పుకురా." ఆమె అన్నది ఫ్లెక్సీ గురించి. అది అలాగే మిగిలిపోయి గాలికి కొట్టుకుంటోంది. ఇద్దరం కలిసి తాడు మీది మధుపర్కం తీసుకుని, దాని చోట ఫ్లెక్సీ వేలాడదీశాం. గుంజ నుంచి గడప దాకా, ఈ కొస నవ్వు నుంచి ఆ కొస నవ్వు దాకా, సరిగ్గా సరిపోయింది. వాళ్ళు కట్టించుకున్నది వీధి కొలత ప్రకారమే కదా.

సుగుణ మధుపర్కం కట్టుకుని పీటల మీద కూర్చుంది. గంజి ఎండకు మరీ ఎండి, చీర కాస్త గరగరలాడింది. ఒక చోట రెండు ముడులు కనిపించాయి. బాబాయి తలంబ్రాలు అయ్యేదాకా ఆ ముడుల వంకే చూస్తూ కూర్చున్నాడు. అల్లుడు తాళి కట్టేటప్పుడు కూడా ముడులే చూస్తున్నాడని మామ్మ తర్వాత ఎగతాళి చేసింది.

ప్రభంజన్‌ను కూడా పిలిచాం. వచ్చాడు, టేపు తెచ్చుకున్నాడు. భోజనానికి ముందు గోడ కొలిచాడు. పొడవు సరిపోయింది, ఎత్తు సరిపోయింది. చివర దాకా నడిచి, చైర్మన్ గారి మొహం ముందు ఆగాడు.

"ఇది మారినట్టుంది," అన్నాడు నాతో, మెల్లగా.

"ఏది మారింది? రాసుకోండి," అన్నాను. "చైర్మన్ గారి మొహం తీసెయ్యాలని రాసి సంతకం పెట్టండి. నేను చదివి పెడతా."

అతను ఒకసారి పందిట్లో సుగుణ వంక, ఆమె చీర వంక చూశాడు. చూసి తల తిప్పుకున్నాడు. అతను అలా చేయడం నేను చూసింది ఆ ఒక్కసారే. ‘గోడ యథాతథము. రంగులు తేటపడినవి. చైర్మన్ గారి చిత్రము గలదు,’ అని రాసి, కాళ్ళు కడుక్కుని పంక్తిలో కూర్చున్నాడు. పూర్ణాలు మళ్ళీ అడిగి వేయించుకున్నాడు.

ఆ కాగితం మండలిలో బల్ల నుంచి బల్లకు పైకి వెళ్ళింది. చైర్మన్ గారి మొహాన్ని తొలగించాలని ఎవరు సంతకం పెడతారు? ఆమోదించబడినది, ఆమోదించబడినది అంటూ చివరి బల్ల దాకా పోయి, ఫ్లెక్సీ నూరేళ్ళ నాటి కట్టడమని తేలింది. వీధి మొదట్లో రాతి పలక కూడా వేశారు. సందర్శకులు ఫ్లెక్సీ కింద దూరి ఫోటోలు తీసుకున్నారు. మగ్గాలు మాత్రం ఆగే ఉన్నాయి.

మేం అర్జీలు పెట్టాం. వీరాస్వామి గారు జిల్లా కేంద్రంలో టెంటు వేసుకుని కూర్చున్నాడు. పడుగు చాపుకోనివ్వమని మా వీధి ఆడవాళ్ళందరం వేలిముద్రలు, సంతకాలు పెట్టి పంపాం. ‘విషయము పరిశీలనలో ఉన్నది’ అని జవాబులు వచ్చాయి. అన్నీ నేనే చదివాను. చదివి చదివి నాకు అవి చూడకుండా వచ్చేశాయి.

తర్వాత ఎన్నికలు వచ్చాయి, మండలికి కొత్త చైర్మన్ గారు వచ్చారు. పాతాయనకూ ఈయనకూ గిట్టదు. ఆయన మా వీధి చూడటానికి వచ్చి, మొదటి అడుగులోనే ఆగిపోయారు. వీధి నడుమ ఈ చివర నుంచి ఆ చివర దాకా పాతాయన నవ్వుతున్నాడు.

"ఇంకా తీయలేదేం?" అన్నారు.

డైరెక్టర్ గారు కళ్ళు సగం మూశారు. "సంరక్షిత కట్టడం సార్. కదిలించే అధికారం ఎవరికీ లేదు."

"నాకు కూడానా?"

"హోదాతో నిమిత్తం లేదని వివరణ ఉంది సార్," అన్నాడు ప్రభంజన్ వెనక నుంచి.

కొత్త చైర్మన్ గారు వీధి చూడకుండానే వెనక్కి తిరిగారు. మర్నాడు సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. మగ్గాల వీధిని సంరక్షిత ప్రాంతాల నుంచి తక్షణమే తొలగించడమైనది, ప్రజాభీష్టం మేరకు. అరుగు మీద నిలబడి నేనే చదివాను. అందులో పడుగు మాట లేదు, మగ్గం మాట లేదు, ఇటుకల బట్టీలో వీరాస్వామి గారి మాట లేదు. మేం ఏడాది పాటు అడిగితే రానిది, ఒకాయన మొహం ఇంకొకాయనకు నచ్చకపోతే ఒక్క పూటలో వచ్చింది.

తెల్లవారి వీధిలో పడుగులు లేచాయి. ఒకటి కాదు, చాపేందుకు చోటున్నంత మేరా. వీరాస్వామి గారు తలుపు రెండో రెక్కకు నీలం రంగు వేసుకుని, తడి చేతులతోనే కుంచె పట్టుకున్నాడు. సుగుణ పురిటికి వచ్చి ఉంది. పిల్లను మధుపర్కంలో చుట్టి అరుగు మీద పడుకోబెడితే, ఆ ముడుల మీద పిల్ల చెయ్యి పడి ఉంది.

ఫ్లెక్సీ గట్టిది, పారేయబుద్ధి కాలేదు. మామ్మ దాన్ని కత్తిరించి, నన్ను నిచ్చెన ఎక్కించి, బసవమ్మ ఇంటికప్పు చిల్లు మీద పరిపించింది, మొహం లోపలివైపుకు. ఇప్పుడు బసవమ్మ అన్నం తింటూ తల ఎత్తితే పాత చైర్మన్ గారు నవ్వుతూ కనిపిస్తారు. నీళ్ళు మాత్రం దిగవు. ఆ మండలి వల్ల మా వీధిలో బాగుపడిన ఇల్లు అదొక్కటే.